ఉప్పుగాలి ఊళ్లో పర్యావరణహిత ఇల్లు: ఇందుకూరుపేట వైపు కట్టిన ఒక ఇంటి కేస్ స్టడీ

నెల్లూరుకు తూర్పున ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి పది కిలోమీటర్ల లోపు కట్టిన ఒక ఇంటి పని వివరం ఇది. స్థలం 40 అంకణాలు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి 2,880 చదరపు అడుగులు. ఇల్లు 12.0 × 8.1 మీటర్లు, అంటే 97 చదరపు మీటర్లు, సుమారు 1,045 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటగది, తూర్పున వరండా. ఇప్పటికి కింది అంతస్తే. పైన ఇంకొకటి వేసుకునే బలం పునాదికి ఇచ్చాం.

ఇంటివాళ్లు మొదట అడిగింది సోలారు, ఇంకుడు గుంత, మట్టి ఇటుక. వాటికన్నా ముందు చూడాల్సింది ఉప్పు. ఈ తీరాన పదిహేనేళ్లకే సన్‌షేడ్ల కింద కడ్డీ బయటపడి పెచ్చులూడే ఇళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. అరవై ఏళ్లు నిలవాల్సిన స్లాబును ఇరవై ఏళ్లకే పగలగొట్టి మళ్లీ వేస్తే సిమెంటు, ఇనుము, ఇసుక అన్నీ రెండింతలు ఖర్చవుతాయి. అప్పుడు గోడలో ఎన్ని ఇటుకలు ఆదా చేసినా లాభం లేదు. అందుకే ఈ ఇంట్లో ప్రతి నిర్ణయానికీ ఒకే వరుస పెట్టుకున్నాం: మొదట ఉప్పుకు నిలవాలి, తర్వాత పైకప్పు వేడి తగ్గాలి, ఆ తర్వాతే సరుకు ఆదా.

నీళ్లు, ఇసుక, సిమెంటు

స్థలంలో బోరు ఉంది. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగులుతాయి. చుట్టూ రొయ్యల గుంటలున్న చోట ఇది మామూలే. ల్యాబుకు పంపితే క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటింది. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకు కలిపే నీళ్లలో 500 వరకే అనుమతి. ఇనుము లేని కాంక్రీటుకు 2,000 వరకు ఒప్పుకుంటుంది. ఈ హద్దును మేస్త్రీలు తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి ఒక లెక్క చెప్పి ఒప్పించాలి. క్లోరైడు 2,000 ఉన్న నీళ్లు ఘనమీటరు కాంక్రీటుకు 162 లీటర్లు పోస్తే 0.32 కిలోల క్లోరైడు చేరుతుంది. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్లు అన్నీ కలిపి ఒక ఘనమీటరులో ఉండదగింది 0.6 కిలోలు. అంటే సముద్రపు గాలి తాకకముందే, మన చేత్తోనే సగం కోటా నింపేసినట్టు.

కాబట్టి బోరు నీళ్లు పునాది కింద వేసే పి.సి.సి.కి, అంటే ఇనుము లేని కాంక్రీటుకు, మాత్రమే వాడాం. మిగతా పనంతటికీ ట్యాంకరుతో తెచ్చిన పెన్నా డెల్టా కాలువ నీళ్లు. కాలువ ఏడాది పొడుగునా పారదు కనుక పారే రోజుల్లోనే పని పెట్టుకుని, 5,000 లీటర్ల ట్యాంకులు రెండు నిలబెట్టుకున్నాం. క్యూరింగుకూ, అంటే కట్టిన పనిని తడపడానికీ, ఇదే నీళ్లు వాడాలి, ఇక్కడే జారిపోయింది. రెండు రోజులు ట్యాంకరు రాక, కాపలా మనిషి బోరు మోటారు వేసి తూర్పు గోడను తడిపాడు. మూడు వారాలకు ప్లింత్ (ఇంటి గచ్చు దాకా ఎత్తిన అరుగు) పైన నాలుగు వరుసల మేర తెల్లటి ఉప్పు పూసింది. దాన్ని నీళ్లతో కడగకూడదు, కరిగి మళ్లీ లోపలికి పోతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్షుతో దులిపి ఎత్తిపారెయ్యాలి. నాలుగైదు సార్లు అలా చేశాక పూయడం ఆగింది. ఆ తర్వాత బోరు స్విచ్చు పెట్టెకు తాళం వేశాం.

ఇసుక పెన్నాదే. సముద్రపు ఒడ్డు ఇసుక ఎంత తెల్లగా, ఎంత సన్నగా ఉన్నా ముట్టుకోకూడదు, పూత పనికి కూడా. ప్రతి లారీకీ సీసా పరీక్ష చేశాం: సగం సీసా ఇసుక, ముప్పాతిక వరకు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచితే ఒండ్రు పైన విడిగా పొరగా తేలుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే లారీ వెనక్కి.

సిమెంటు మొత్తం పి.ఎస్.సి., అంటే స్లాగ్ సిమెంటు. ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిసినది కనుక క్లింకరు, అంటే సిమెంటు కోసం బట్టీలో కాల్చిన ముడిసరుకు, తక్కువ పడుతుంది. టన్ను క్లింకరు తయారీకి సుమారు 0.8 టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలోకి వెళ్తుంది, ఆ మేరకు ఇది తేలిక. మాకు అంతకన్నా ముఖ్యమైంది, స్లాగ్ ఉన్న కాంక్రీటులో సూక్ష్మ రంధ్రాలు చిన్నవై క్లోరైడు లోపలికి నెమ్మదిగా వెళ్తుంది. దీనికి ఇబ్బంది ఒక్కటే: మొదటి వారం బలం నెమ్మదిగా వస్తుంది. ఏడు రోజులకే సెంట్రింగ్ విప్పే అలవాటు మానాలి. పద్నాలుగు రోజులు తడపాలి, అంతవరకు కింది ఊతకర్రలు తియ్యకూడదు.

పునాది, ప్లింత్

అడుగున ఒండ్రుమట్టి, దాని కింద ఇసుక కలిసిన బంక. నేల బలం చదరపు మీటరుకు 10 టన్నులని పరీక్షలో తేలింది. పిల్లర్లు లేకపోతే ఇల్లే కాదన్న నమ్మకం మన జిల్లాలో బలంగా ఉంది. ఈ ఇంటికి పిల్లర్లు లేవు. గోడలే బరువు మోస్తాయి. పై అంతస్తు కూడా కలుపుకుని లెక్కేస్తే మీటరు గోడ మీద సుమారు ఆరున్నర టన్నులు వస్తుంది. 900 మి.మీ. వెడల్పు పునాదికి అది చదరపు మీటరుకు ఏడు టన్నుల పైచిలుకు, నేల బలానికి లోపే. రాతి పునాది, మీద ప్లింత్ బెల్టు, తలుపు కిటికీల పైన లింటెల్ బెల్టు (రెండూ గోడ వెంట చుట్టూ వేసే ఇనుప కడ్డీల కాంక్రీటు పట్టీలు), గోడ మూలల్లోనూ గోడలు కలిసే చోట్లా 12 మి.మీ. నిలువు కడ్డీ. భూకంపాల పటంలో నెల్లూరు మూడో జోన్ కనుక ఈ బెల్టులూ కడ్డీలూ తప్పనిసరి. పిల్లర్లు వద్దంటే ఇనుము అసలే వద్దనుకునే మేస్త్రీలకు ఇది గట్టిగా చెప్పాలి.

ప్లింత్ రోడ్డు మీద నుంచి 900 మి.మీ. పైకి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు డెల్టాలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరివాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకన్నా పైన ఉండాలి. ప్లింత్ బెల్టు పైన రెండు కోట్లు వేడి తారు పూసి, దాని మీద గోడ మొదలుపెట్టాం. కింది తేమ, దానితో పాటు ఉప్పు, అక్కడ ఆగాలి.

గోడ: బూడిద ఇటుకతో ర్యాట్‌ట్రాప్ కట్టు

మట్టి ఇటుక ఎందుకు కాదంటే, ఇక్కడి బట్టీల మట్టి వరి మళ్ల మీది మంచి పొర. పైగా ఆ మట్టిలోనే ఉప్పు ఉంటే ఇటుకలోనూ ఉంటుంది. నొక్కిన మట్టి దిమ్మెలకు ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి కావాలి. డెల్టా బంకమట్టి ఎండితే కుంచించుకుపోతుంది, అది పనికిరాదు. అదే 40 కిలోమీటర్ల లోపు కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద పోస్తోంది, చుట్టుపక్కల ఇటుక యూనిట్లు ఉన్నాయి. బూడిద, సున్నం, జిప్సంతో కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థలో భానుమతీదాస్, కాళిదాస్ తయారుచేసింది. ఇప్పుడు ఎక్కువ యూనిట్లు సున్నానికి బదులు సిమెంటు, క్వారీ డస్ట్ కలుపుతున్నాయి. ఏదైనా సరే, బలం చదరపు మిల్లీమీటరుకు 7.5 న్యూటన్లు, నీరు పీల్చడం 20 శాతం లోపు అని అడగాలి. రెండోదానికి ల్యాబు అక్కర్లేదు. ఎండిన ఇటుకను వంటింటి త్రాసు మీద తూచి, ఒక రోజంతా నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూస్తే చాలు. 3.2 కిలోల ఇటుక 3.84 దాటకూడదు.

ఇటుక కొలత 230 × 110 × 75. ర్యాట్‌ట్రాప్‌లో ఇటుకను అంచు మీద నిలబెడతారు. బయట ఒక ఇటుక, లోపల ఒక ఇటుక, నడుమ 80 మి.మీ. ఖాళీ, రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒకటి. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో వాడి చూపించినప్పటి నుంచి 25 శాతం ఇటుక ఆదా అని అందరూ రాస్తున్నారు. మన కొలత ఇటుకకు 10 మి.మీ. మాలుతో లెక్క వేస్తే చదరపు మీటరుకు మామూలు 9 అంగుళాల గోడకు 98, ర్యాట్‌ట్రాప్‌కు 77, అంటే 21 శాతం. అదీ గోడంతా ఈ కట్టే ఉంటే. మూలలు, కిటికీ పక్కలు, బెల్టుల కింది వరుస ఖాళీ లేకుండా గట్టిగానే కట్టాలి. ఈ ఇంట్లో 156 చదరపు మీటర్ల 9 అంగుళాల గోడలో 120 మాత్రమే ర్యాట్‌ట్రాప్. కాబట్టి ఇటుక ఆదా 2,520, మొత్తం మీద 16 శాతం. వృథాతో కలిపి 13,500 ఇటుకలు తెప్పించాం. మాలు మాత్రం నిజంగా సగమే పడుతుంది: చదరపు మీటరుకు 0.044 ఘనమీటర్ల చోట 0.0225. సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 మాలుకు పదమూడు బస్తాల సిమెంటు మిగిలింది.

మేస్త్రీ చేతిలో ఈ కట్టు చెడేది ఒకే చోట. అలవాటుగా తాపీతో మాలును గోడ వెడల్పంతా పరిచేస్తాడు, సగం ఖాళీలో పడుతుంది. అది కిందికి జారి రెండు గోడలనూ కలిపేస్తుంది, బయటి తడి దాని మీదుగా లోపలికి నడుస్తుంది. దీనికి విరుగుడు ఒక చెక్క పట్టీ: 80 మి.మీ. వెడల్పు, మీటరు పొడవు, రెండు చివర్లా తాడు. ఖాళీ మీద పట్టీ పరిచి, రెండు అంచుల మీదే మాలు వేసి, తాడు పట్టి పట్టీ లేపి, ఇటుక పెట్టాలి. మొదటి రోజు మేస్త్రీ విసుక్కున్నాడు. మూడో రోజుకు ఆ పట్టీ లేకుండా గోడెక్కలేదు. కరెంటు పైపులు ఈ ఖాళీలోంచే దిగాలి. గోడ కట్టాక గాడి కొట్టడానికి వీల్లేదు, 75 మి.మీ. ఇటుకకు సుత్తి తగిలితే పగుల్తుంది. అందుకని స్విచ్చు బోర్డులు, ఏసీ పాయింటు, గీజరు పాయింటు అన్నీ మొదటి వరుసకు ముందే ప్లింత్ మీద సుద్దతో గీసి, ఆ చోట్ల గట్టి కట్టు వేశాం.

ఇటుక వయసు ఇంకో సంగతి. బూడిద ఇటుక యంత్రంలోంచి వచ్చాక 28 రోజులు ఆగాలి, ఆ లోపు అది కుంచించుకుంటూనే ఉంటుంది. ఒక లారీ తొమ్మిది రోజుల ఇటుక వచ్చింది. రంగు చూసి ఎవరూ పోల్చుకోలేకపోయారు. పడమటి పడకగదిలో ఆ ఇటుకతో కట్టిన భాగంలో కిటికీ కింది మూల నుంచి నిలువునా వెంట్రుక మందం పగులు వచ్చింది. పునాది కుంగి వచ్చిన పగులైతే ఏటవాలుగా ఉండేది, ఇది ఇటుక కుంచించుకుపోవడం వల్ల వచ్చింది. రెండు నెలలు అలాగే వదిలి, ఇక కదలడం లేదని గాజు పలక అతికించి చూసుకుని, 5 మి.మీ. వెడల్పు గాడి తీసి సున్నం మాలుతో నింపాం. అప్పటి నుంచి ప్రతి లారీ ఇటుకనూ తేదీ రాసి వేరే కుప్ప పెట్టించాం. ఇటుకను కట్టేముందు నీళ్లు చల్లాలే తప్ప గంటల తరబడి నానబెట్టకూడదు, నానిన ఇటుక ఎండేటప్పుడు మళ్లీ ఇదే పగులు.

గోడలో ఖాళీ ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందన్న మాట కొంతవరకే సరి. వేడి లోపలికి వచ్చే రేటు, యు-విలువ, గట్టి గోడకు లెక్కలో 2.05 ఉంటే దీనికి 1.9. ఈ కట్టు ఎంచుకున్నది చల్లదనానికి కాదు, ఇటుక, మాలు కోసం. ఈశాన్య రుతుపవనాల తుఫాను వాన తూర్పు, ఉత్తరం గోడలను ఈడ్చి కొడుతుంది కనుక ఆ రెండింటికీ బయట 12 మి.మీ. సున్నం కలిపిన ప్లాస్టరింగు చేశాం. దక్షిణం, పడమర గోడలకు పాయింటింగు చాలింది.

పాత పెంకులతో ఫిల్లర్ స్లాబు

స్లాబులో కింది సగం కాంక్రీటు ఇనుమును పట్టి ఉంచడానికి తప్ప బరువు మోయడానికి పనికిరాదు. ఆ చోట తేలికైన వస్తువు పెట్టడమే ఫిల్లర్ స్లాబు. నెల్లూరు చుట్టుపక్కల పెంకుటిళ్లు కూల్చేస్తున్నారు, బంగాళా పెంకులు కుప్పలుగా దొరుకుతున్నాయి. పెంకు 410 × 235. రెండు పెంకులు ముఖాముఖిగా ఒకదాని మీద ఒకటి బోర్లించి అంచులు మాలుతో మూస్తే 75 మి.మీ. ఎత్తు దిమ్మె, లోపల గాలి. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య 100 మి.మీ. రిబ్బు, అంటే కడ్డీలు పడే కాంక్రీటు పట్టీ.

పుస్తకాల్లో స్లాబు మందం 125 అని ఉంటుంది. ఇక్కడ చాలదు. ఉప్పుగాలి తీరంలో నేరుగా గాలి తగలని కాంక్రీటుకే కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, 30 మి.మీ. ఉండాలి, సన్‌షేడ్ల వంటి బయటి వాటికి 45. కవరు పెరిగితే కడ్డీ పైకి జరుగుతుంది, స్లాబు పని చేసే లోతు తగ్గుతుంది. కాబట్టి 140 తీసుకున్నాం: దిమ్మె 75, దాని పైన 65. ఆ 65లో 6 మి.మీ. మెష్. పెద్ద గది స్పాన్ 3.3 మీటర్లు, ఒక్కో రిబ్బులో రెండేసి 10 మి.మీ. కడ్డీలు. గోడల పక్కన 300 మి.మీ. మేర దిమ్మెలు లేకుండా గట్టిగా పోయాలి, కోత బలం పడేది అక్కడే. ఆ అంచులన్నీ పోగా 100 చదరపు మీటర్ల కప్పులో 410 దిమ్మెలు పట్టాయి, 820 పెంకులు. విరిగేవాటికి కలిపి 900 కొన్నాం. ఆదా అయిన కాంక్రీటు 2.96 ఘనమీటర్లు, మొత్తం 14లో 21 శాతం. మిశ్రమం ఎం-30, ఘనమీటరుకు 360 కిలోల సిమెంటు, కాబట్టి 21 బస్తాలు. పెంకుల బరువు పోను స్లాబు ఐదు టన్నులు తేలికైంది.

పెంకులను పోతకు ముందు రోజంతా నానబెట్టాలి. లేకపోతే అవి కాంక్రీటులో నీళ్లు తాగేసి చుట్టూ బలహీనమైన పొర మిగులుస్తాయి. నానిన పెంకులు వాడితే అలాంటి ఇబ్బంది రాదు. వచ్చేది ఇంకొకటి: దిమ్మెలు జరగడం. పోతపోసే కూలీ దిమ్మె మీద కాలు పెడితే అది రెండంగుళాలు పక్కకు జరుగుతుంది, ఒక రిబ్బు 100 నుంచి 50కి తగ్గుతుంది, కడ్డీ పెంకుకు ఆనుకుంటుంది. పైనుంచి ఎవరికీ కనబడదు, సెంట్రింగ్ విప్పాకే తెలుస్తుంది. వంటగది పైన రెండు చోట్ల అలా జరిగింది. కవరు తగ్గిన మేర చెక్కి, ఎపాక్సీ పూసి, పాలిమరు మాలుతో నింపాల్సి వచ్చింది. హాలు వైపు పోతకు ముందు దిమ్మెలను మాలు ముద్దతో సెంట్రింగ్ షీటుకు అతికించి, నడవడానికి మెష్ మీద కాకుండా ముక్కాలి పీటల మీద పలకలు వేశాం. అక్కడ ఒక్కటీ కదల్లేదు. వైబ్రేటర్ సూది 25 మి.మీ.ది కావాలి. మామూలుగా వచ్చే 40ది 100 మి.మీ. రిబ్బులో పెంకులను పగలగొడుతుంది.

కవరు కోసం కంకర ముక్క పెట్టే అలవాటు పూర్తిగా ఆపించాం. కంకర ముక్క జరిగిపోతుంది, దాని పక్కన ఖాళీ ఉండిపోతుంది, ఉప్పుకు అదే దారి. స్లాబు మిశ్రమంతోనే 30 మి.మీ. కవర్ బ్లాకులు వారం ముందు 600 పోయించి నీళ్లలో వేసి ఉంచాం. బైండింగ్ వైరు కొసలు కిందికి వేలాడకుండా పైకి వంచాలి. తుప్పు మొదలయ్యేది చాలాసార్లు ఆ కొస నుంచే.

స్లాబు మీద

ఫిల్లర్ స్లాబు వేస్తే ఏసీ అక్కర్లేదని అమ్మేవాళ్లున్నారు. లెక్క చూడండి. 140 మి.మీ. మామూలు స్లాబు యు-విలువ 3.3. దిమ్మెలు పెట్టాక 2.9. గృహాలకు 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, కోరేది 1.2 లోపు. చాలా దూరం ఉంది. ఒక్క అంతస్తు ఇంట్లో వేడిలో పెద్ద వాటా కప్పు మీంచే వస్తుంది, మే నెలలో మధ్యాహ్నం తాగిన వేడిని స్లాబు రాత్రి పది దాకా గదిలోకి వదులుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

వరుస ఇది. స్లాబు మీద వాలు స్క్రీడ్ (మాలు పొర), 80కి 1. దాని మీద సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫింగు రెండు కోట్లు, పిట్టగోడ మీదికి 300 మి.మీ. ఎక్కించి. నీళ్లు కట్టి మూడు రోజులు చూశాక, 40 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురగ ప్లాస్టిక్) పలకలు, అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కేవి. దాని మీద జియో టెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన కోడి మెష్ వేసి 40 మి.మీ. స్క్రీడ్, 1.2 మీటర్ల గళ్లుగా. చివర తెల్ల గ్లేజు టైలు ముక్కలు, టైల్స్ కొట్లలో విరిగినవి ఉచితంగా ఇస్తారు. ఇలా యు-విలువ 0.6 దగ్గరికి వచ్చింది. ఎక్స్‌పీఎస్ పెట్రోలియం సరుకు, కప్పు మొత్తానికి 140 కిలోల ప్లాస్టిక్ పడింది. దీన్ని పర్యావరణహితం అనవచ్చా అని అడగడం న్యాయమే. కుండలు బోర్లించి చూశాం, మనుషులు నడిచే మిద్దె మీద విరుగుతాయి. సున్నం జెల్లీ (సున్నంతో కలిపిన ఇటుక ముక్కలు) నాలుగు అంగుళాలు వేసినా యు-విలువ 2 కిందికి రాదు, బరువు మాత్రం పెరుగుతుంది. అందుకని ఈ ఒక్క చోట ప్లాస్టిక్‌కు ఒప్పుకున్నాం. థర్మోకోల్ మాత్రం వద్దు. అది నీళ్లు తాగుతుంది, తాగాక వేడి ఆపదు.

3 కిలోవాట్ల సోలారుకు స్తంభాల కింది దిమ్మెలను స్లాబుతో పాటే పోసేశాం. తర్వాత బోల్టు కోసం కప్పు తొలిస్తే ఈ పొరలన్నీ వృథా. ఇక్కడ డిజైన్‌కు తీసుకునే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసిన) స్ట్రక్చరు తప్ప పెయింటు వేసిన ఇనుము అడగవద్దు.

కిటికీలు

ఇల్లు పొడవు తూర్పు పడమరలుగా. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. దక్షిణం కిటికీ 1.35 మీటర్ల ఎత్తు, దాని మీద 600 మి.మీ. సన్‌షేడ్ వేస్తే ఫిబ్రవరి చివరి వారం నుంచి అక్టోబరు మధ్య దాకా మధ్యాహ్నపు ఎండ అద్దం మీద పడదు. చలికాలం పడుతుంది, ఫరవాలేదు. చాలామంది మర్చిపోయేది ఉత్తరం వైపు. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు, కాబట్టి అటు కూడా 450 మి.మీ. సన్‌షేడ్ ఇచ్చాం. పడమర గోడకు ఒక బాత్రూము, సామాన్ల గది, మెట్లు. పడకగది ఒకటి తప్పలేదు, దానికి అటువైపు కిటికీ చిన్నది. మధ్యాహ్నం దాటాక తూర్పు ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి వస్తుంది, దానికి ఎదురుగా వరండా తలుపు, అవతలి గోడకు పైన వెంటిలేటర్లు. మే నెలలో పడమటి వడగాలి తోలే రోజుల్లో అన్నీ మూసుకోవడమే మేలు.

గ్రిల్లులు ఇనుమువి కాదు. వేప చెక్క ఫ్రేములు, అల్యూమినియం రెక్కలు, స్టెయిన్‌లెస్ మరలు. నేలకు కడప బండలు, వంటగట్టుకు చీమకుర్తి గ్రానైట్ కోత ముక్కలు. గుజరాత్ మోర్బీ నుంచి టైల్స్ లారీ మీద తెప్పించుకోవడం ఈ జిల్లాలో అనవసరం.

సంపు

ఏడాదికి సుమారు 1,000 మి.మీ. వాన, సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. 100 చదరపు మీటర్ల కప్పు మీద వృథా తీసేసినా 85,000 లీటర్లు. ఇంకుడు గుంత తవ్వమని అందరూ చెబుతారు. ఈ డెల్టాలో నవంబరుకు నేలలో నీళ్లు అడుగు లోతుకు వచ్చేస్తాయి, గుంత నిండి నిలబడుతుంది తప్ప ఇంకదు. ఇంకినా కిందిది ఉప్పునీరు. పట్టి దాచుకోవడమే మంచిది. లోపల 3.1 × 2.1 మీటర్లు, 1.6 లోతు, అంచు వదిలి 9,800 లీటర్ల సంపు కట్టాం. మొదటి వానలో దుమ్ము కడిగే నీళ్లు వదిలేయడానికి 200 లీటర్ల డ్రమ్ము. ఆరు అంగుళాల పైపు నిలబెడితే చాలని అంటారు, కానీ మీటరు పైపులో పట్టేది 18 లీటర్లే. మనకు వదలాల్సింది 150.

సంపు గురించి ఈ ప్రాంతంలో చెప్పాల్సిన అసలు సంగతి, అది తేలుతుంది. చుట్టూ నీళ్లు నేల మట్టానికి వచ్చి, లోపల ఖాళీగా ఉంటే అది పడవే. బయటి కొలతలు 3.4 × 2.4 × 1.875, అంటే 15.3 టన్నుల నీటిని తోసేస్తుంది. గోడలు 150, అడుగు 150, పై పలక 125 మి.మీ. మందంతో కాంక్రీటు బరువు 12.2 టన్నులు. మూడు టన్నులు తక్కువ. మందం పెంచి బరువు తేవాలంటే సిమెంటు దండగ. దానికి బదులు అడుగు పలకను నాలుగు వైపులా 300 మి.మీ. బయటికి సాచాం. ఆ చూరు మీద కూర్చునే తడిమట్టి, నీళ్లు పైకి తేల్చే బరువు పోను, సుమారు ఆరు టన్నులు, అదనపు కాంక్రీటుతో కలిపి మొత్తం 19 టన్నులు, తేలే బలానికి 1.24 రెట్లు. కావాల్సింది 1.2. చూరు కోసం పడిన కాంక్రీటు 0.58 ఘనమీటర్లు మాత్రమే. మట్టి నింపడం అడుగు అడుగుకీ దిమ్మిసతో కొట్టి చెయ్యాలి, వదులు మట్టికి ఆ బరువు రాదు. తవ్వకం జూన్‌లో మొదలుపెట్టి వానలకు ముందే మూసెయ్యాలి, నవంబరులో తవ్వితే గుంత గోడలు కూలుతాయి.

కడగడానికి సంపు ఖాళీ చేసే పని వేసవిలోనే. మూత లోపలి వైపు ఎర్ర ఎనామెల్‌తో రాయించాం: "అక్టోబరు నుంచి జనవరి దాకా మూడు అడుగుల కన్నా తగ్గనివ్వకండి."